కనిపెట్టుకుని ఉండేది మనం, కనిపెట్టేది వేరేవాళ్ళా?

తెలుగులో 'కనిపెట్టడం' అనే మాటకి రెండు అర్థాలున్నాయి. "పొయ్యి మీద పాలున్నాయి, కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా" అంటే కన్నేసి ఉంచమని. "ఫలానాయన కొత్త మిషను కనిపెట్టాడు" అంటే అంతవరకూ లేనిదాన్ని తయారుచేశాడని. మాట ఒక్కటే. కానీ మన ఇళ్ళల్లో మొదటి అర్థాన్ని ఆడవాళ్ళకి, రెండో అర్థాన్ని మగవాళ్ళకి పంచిపెట్టేశారు. బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఈ పంపకం నాకు మరీ గుచ్చుకుంటుంది. అసలు రోజంతా ఒకదాన్ని కనిపెట్టుకుని ఉన్న మనిషికి కాకపోతే, అందులో లోపమేమిటో ఇంకెవరికి తెలుస్తుంది?

ఈ మధ్య మహిళా దినోత్సవం వచ్చిందంటే చాలు, మా గేటెడ్ కమ్యూనిటీ క్లబ్ హౌసుల్లో ఎవరో ఒకరు వచ్చి ఉపన్యాసం ఇచ్చి వెళ్తున్నారు. "మీ వంటింట్లోనే వంద ఐడియాలున్నాయి మేడమ్, ఒక్క ఐడియా చాలు జీవితం మారిపోవడానికి!" అంటారు. మనం చప్పట్లు కొడతాం. సమోసా, టీ అయ్యాక ఇంటికొచ్చి కుక్కర్ పెడతాం. నాకు ఈ మాట మీదే కోపం. ఐడియా ఒక్కటే ఎప్పుడూ ఎవరికీ చాల్లేదు. ఆడవాళ్ళకి ఐడియాలు ఎప్పుడూ తక్కువ కాలేదు కూడా. తక్కువైంది వేరే. అది చెప్పకుండా "ఐడియా చాలు" అనడమంటే తప్పంతా మన బుర్ర మీదకి నెట్టడమే.

కుక్కర్ దగ్గర్నుంచే మొదలుపెడదాం. "మూడు విజిల్స్ వచ్చాక కట్టేయ్" అని చెప్పి స్నానానికి వెళ్తాం. వచ్చి అడిగితే ఇంట్లో ముగ్గురు మూడు లెక్కలు చెప్తారు. "ఈ విజిల్స్ లెక్కపెట్టే మిషను ఉంటే బావుండు" అనుకోని ఇల్లాలు ఉందా? ఇది ఐడియా. అందరికీ వచ్చేదే కాబట్టి దీనికి విలువ లేదు.

ఇప్పుడు ఒక్క అడుగు ముందుకు వేయండి. ఆ మిషను శబ్దాన్ని బట్టి లెక్కపెట్టాలా, ఆవిరిని బట్టా, వెయిట్ పైకి లేచే కదలికని బట్టా? శబ్దాన్ని బట్టి అయితే పక్క ఫ్లాట్ కుక్కర్ విజిల్‌ని కూడా మనదే అనుకుంటుంది. మిక్సీ తిరిగినప్పుడు మోసపోతుంది. పప్పు పొంగి వెయిట్ దగ్గర ఇరుక్కుంటే వచ్చే బుసబుసని విజిల్ అనుకోవాలా వద్దా? కొత్త గాస్కెట్‌కీ పాతదానికీ విజిల్ ఒకేలా రాదు కదా? ఈ ప్రశ్నల్లో ఒకదానికి, ఇంతవరకూ ఎవరూ చెప్పని జవాబు చేతికి తగిలే వస్తువుగా చేసి చూపిస్తే అది ఆవిష్కరణ. ఆవిష్కరణ ఉండేది ప్రశ్నలో కాదు, జవాబులో. ఆ జవాబు దొరకడానికి పది కుక్కర్లు, వంద పూటల పప్పు, నాలుగు కాలిపోయిన సర్క్యూట్లు, ఇంట్లో వాళ్ళ వెయ్యి మాటలు కావాలి. ఉపన్యాసాల్లో ఈ భాగం చెప్పరు.

మన దగ్గరే జరిగిన నిజమైన కథ చూడండి. చింతకింది మల్లేశం గారి పేరు మీకు తెలిసే ఉంటుంది. 2019లో ఆయన మీద 'మల్లేశం' సినిమా కూడా వచ్చింది, ప్రియదర్శి వేశాడు. ఊరు ఆలేరు దగ్గర శారాజీపేట, చేనేత కుటుంబం. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. మన బీరువాల్లో ఉండే పోచంపల్లి రకం చీరకి రంగులు అద్దేముందు ఆసు పోయాలి. ఒక పక్క మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేత్తో వేస్తూ ఉండాలి. ఒక్క చీరకి చెయ్యి 9 వేల సార్లు తిరగాలి. రోజుకి రెండు చీరలంటే 18 వేల సార్లు. చేనేత ఇళ్ళలో ఇది ఆడవాళ్ళ పని. మల్లేశం గారి అమ్మ లక్ష్మి గారిదీ అదే పని. భుజం నొప్పితో ఆవిడ బాధపడటం చూసి, కొడుకు 1992లో ఆసు యంత్రం మొదలుపెట్టాడు. పూర్తయ్యేసరికి 1999.

అంటే ఏడేళ్ళు. మధ్యలో అప్పులు, ఊళ్ళో వాళ్ళ ఎగతాళి. హైదరాబాద్ వచ్చి కూలి పని చేసుకుంటూ, మిగిలిన డబ్బులతో ఒక్కొక్క భాగం చేసుకున్నాడు. చివర్లో ఒక కదలిక దగ్గర ఆగిపోయింది. బాలానగర్‌లో కరెంటు పనికి వెళ్ళినప్పుడు అక్కడ ఒక మిషను కదులుతున్న తీరు చూశాక, తన యంత్రానికి కావలసిన ఆ కదలిక దొరికింది. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది. యంత్రానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2011లో పేటెంట్, 2017లో పద్మశ్రీ వచ్చాయి.

ఈ కథని "తల్లి మీద కొడుకు ప్రేమ" అని చెప్పుకుని కళ్ళు తుడుచుకుంటాం. ప్రేమ నిజమే, ఆ పట్టుదలకి దణ్ణం పెట్టాల్సిందే. ఆయన్ని ఇసుమంత కూడా తగ్గించడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఒక ప్రశ్న వస్తుంది. ఆసు పోసింది తరతరాలుగా ఆడవాళ్ళు. ఎక్కడ దారం బిగువు తగ్గుతుందో, ఎక్కడ భుజం పట్టేస్తుందో వాళ్ళ ఒంటికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మరి అన్ని వేల మందిలో ఒక్క ఆడమనిషి ఆ యంత్రం ఎందుకు చేయలేదు? తెలివి లేకనా?

చెయ్యి ఖాళీ లేక. రోజుకి 18 వేల సార్లు తిరుగుతున్న చేతికి స్క్రూడ్రైవర్ పట్టుకునే తీరికెక్కడిది? ఆ పని అయ్యాక వంట, అంట్లు, పిల్లలు ఉండనే ఉన్నారు. పైగా ఆవిడ "నేను హైదరాబాద్ వెళ్ళి ఒక వర్క్‌షాపు పక్కన గది తీసుకుని కొన్నేళ్ళు ప్రయత్నిస్తాను" అంటే ఆ రోజుల్లో ఏ ఇల్లు ఒప్పుకునేది? ఇవాళ మన ఇల్లు ఒప్పుకుంటుందా? ఏడేళ్ళు వద్దు, ఏడు ఆదివారాలు ఇస్తారా?

ఇది నా ఉక్రోషం మాత్రమే కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా ఎవరి సమయం దేనికి పోతోందో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు ఇస్తున్నారు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. చేసేవాళ్ళ సంగతే ఇది, అసలు వేలు కదపనివాళ్ళు ఈ సగటులోకే రారు. రోజుకి రెండు వందల నిమిషాల తేడా. కొత్త వస్తువులు పుట్టాల్సింది ఆ రెండు వందల నిమిషాల్లోనే. మన దగ్గర ఆ నిమిషాల్లో చపాతీలు పుడుతున్నాయి.

బయటి దేశాల్లోనూ ఇదే వరస. బ్యాండ్-ఎయిడ్ ఎలా వచ్చిందో తెలుసా? 1920లో అమెరికాలో జోసఫిన్ డిక్సన్ అనే ఆవిడ వంటింట్లో తరచూ వేళ్ళు కోసుకునేది, కాల్చుకునేది. ఒక చేత్తో తనే కట్టుకోగలిగేలా పట్టీ కావాలి. ఆవిడ భర్త ఎర్ల్ డిక్సన్ జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీలో ఉద్యోగి. కంపెనీ టేపు మీద గాజుగుడ్డ ముక్కలు అతికించి ఇచ్చాడు, తర్వాత పై అధికారులకి చూపించాడు. తెగిన వేలు ఆవిడది, కనిపెట్టినవాడిగా పేరు ఆయనది. మన సుమీత్ మిక్సీ కూడా అలాంటిదే. మాధురి మాథుర్ గారి జర్మన్ మిక్సీ పాడైపోయి ఇక్కడ బాగుచేసే దిక్కు లేకపోతే, ఇంజనీరైన భర్త సత్యప్రకాశ్ మాథుర్ మన పప్పులు, మసాలాలు రుబ్బగల మోటారుతో 1960ల్లో కొత్త మిక్సీ తయారుచేశాడు. ఈ ఇద్దరు భర్తలూ మంచివాళ్ళే, భార్య కష్టం చూసినవాళ్ళే. కానీ వాళ్ళ చేతికి టేపు, మోటారు, పై అధికారి, పరిచయాలు అందుబాటులో ఉన్నాయి. ఆవిడ చేతికి అందింది సమస్య ఒక్కటే.

అందుబాటు ఉంటే ఆడవాళ్ళు ఏం చేస్తారో చూపించినవాళ్ళూ ఉన్నారు. జోసఫిన్ కాక్రేన్ అనే అమెరికా ఆవిడ 1886లో అంట్లు తోమే మిషనుకి పేటెంట్ తీసుకుంది, 1893లో చికాగో ప్రదర్శనలో పెట్టి హోటళ్ళకి అమ్మింది. జర్మనీలో మెలిటా బెంట్జ్ కాఫీలో మడ్డి రాకుండా, ఇత్తడి గిన్నెకి చిల్లులు పొడిచి, కొడుకు నోటుపుస్తకంలోని బ్లాటింగ్ పేపర్ వేసి వడకట్టింది. 1908లో దాన్ని తన పేరు మీద రిజిస్టర్ చేయించి కంపెనీ పెట్టింది. మెలిటా ఫిల్టర్లు ఇప్పటికీ అమ్ముతున్నారు. అదే ఆవిడ మన ఇంట్లో పుట్టి ఉంటే, ఆ వారం ఆదివారం అనుబంధంలో "కాఫీలో మడ్డి రాకుండా చిట్కా" అని రెండు లైన్లు పడేవి.

ఈ 'చిట్కా' అనే మాటంటేనే నాకు ఒళ్ళు మంట. ఆడది చేస్తే చిట్కా, మగాడు చేస్తే ఇన్నోవేషన్. చిట్కాకి పేరుండదు, డబ్బుండదు. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అవుతూ వందో మనిషి దగ్గరికి వెళ్ళేసరికి ఎవరిదో కూడా తెలియదు. చిట్కాని చిన్నచూపు చూస్తే ఏమవుతుందో పసుపు చెప్పింది. దెబ్బ తగిలితే పసుపు అద్దడం మన అమ్మమ్మలందరికీ తెలిసిన చిట్కా. 1995లో, గాయాలు మాన్పడానికి పసుపు వాడటం తమ ఆవిష్కరణ అంటూ అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్ పేటెంట్ తీసుకుంది. మన సీఎస్ఐఆర్ వాళ్ళు పాత గ్రంథాలన్నీ తవ్వి, ఇది మా ఇళ్ళలో ఎప్పట్నుంచో ఉన్నదేనని రుజువు చేశాక 1997లో దాన్ని రద్దు చేశారు. పుస్తకంలో రాసి ఉంది కాబట్టి బతికిపోయాం. ఏ పుస్తకంలోనూ రాయని అమ్మమ్మల సంగతి?

"పదిమందితో పంచుకోవడంలో ఉన్న ఆనందం వేరు, అన్నిటికీ పేటెంటు, డబ్బు అంటే ఎలా?" అని అడిగేవాళ్ళున్నారు. పంచుకోవద్దని ఎవరన్నారు? పసుపు అందరిదీ, అది ఎవరి సొంతమూ కాకూడదు. మన చట్టం కూడా తరతరాల సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ ఇవ్వదు, అది మంచిదే. కానీ అమ్మమ్మ నుంచి వచ్చింది వేరు, నువ్వు ఆరు నెలలు తల బద్దలు కొట్టుకుని చేసింది వేరు. దానం చేయాలంటే ముందు అది నీదై ఉండాలి కదా! నీదని ఎవరూ ఒప్పుకోని దాన్ని ఇచ్చేస్తే అది దానం అనిపించుకోదు, పోగొట్టుకోవడమే.

ఇక మన హైటెక్ సిటీ సంగతి. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ ఫ్లాట్లలో ఎన్ని ఇళ్ళ షోకేసుల్లో కంపెనీలు ఇచ్చిన పేటెంట్ ఫలకాలున్నాయో లెక్కలేదు. వాటి దుమ్ము తుడిచేది మనమే. మగపిల్లలు హాకథాన్ అని చెప్పి రాత్రంతా ఆఫీసులో కూర్చుంటే "పాపం కష్టపడుతున్నాడు" అంటాం. అదే ఇంటి కోడలు మధ్యాహ్నం రెండు గంటలు తలుపేసుకుని ఏదో అతికిస్తూ కూర్చుంటే "ఏమైంది, ఒంట్లో బాలేదా?" అని అడుగుతాం. అడిగేవాళ్ళలో అత్తగార్లు, ఆడపడుచులే కాదు, పక్కింటి స్నేహితురాళ్ళమూ ఉన్నాం. మా వాట్సాప్ గ్రూపులో ఎవరైనా కొత్త ఆలోచన చెప్తే మొదట పడేది నవ్వుల ఎమోజీ. అది వేసే వేళ్ళు మనవే.

మరి మన చుట్టూ ఏమున్నాయి? రాయదుర్గంలో టీ-హబ్ పెద్ద భవనం 2022లో మొదలైంది. దాని పక్కనే 2023 మార్చిలో టీ-వర్క్స్ తెరిచారు, కేవలం నమూనా వస్తువులు తయారుచేసుకోవడానికే. త్రీడీ ప్రింటర్లు, లోహం కోసే మిషన్లు, సర్క్యూట్లు చేసే పరికరాలు అన్నీ ఒకే కప్పు కింద. మల్లేశం గారు బాలానగర్‌లో వెతుక్కున్నది ఇప్పుడు ఐకియాకి వెళ్ళే దారిలో ఉంది. ఆడవాళ్ళ వ్యాపారాల కోసమే 2018లో వీ-హబ్ పెట్టారు. చదువు లేనివాళ్ళు, పల్లెల్లో వాళ్ళు చేసిన ఆవిష్కరణల్ని వెతికి వెలుగులోకి తెచ్చే పల్లె సృజన అనే స్వచ్ఛంద సంస్థ మన హైదరాబాద్‌దే. రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 2019 నుంచి 'ఇంటింటా ఇన్నోవేటర్' పేరుతో మామూలు మనుషులు చేసిన వస్తువుల్ని పంద్రాగస్టుకి జిల్లాల్లో ప్రదర్శనకి పిలిచింది. పేరులో ఇల్లు ఉంది. ఇల్లాలు ఎంతవరకు ఉంది?

ఈ సంస్థలకీ ఒక మాట చెప్పాలి. 'స్టార్టప్', 'పిచ్', 'ఫౌండర్' అనే భాషలో పిలిస్తే ఇరవై ఏళ్ళుగా బియ్యం, పప్పు లెక్కలు చూస్తున్న ఆడమనిషి అది తన కోసం కాదనుకుంటుంది. పిల్లలు స్కూల్లో ఉండే పది నుంచి రెండు గంటల వేళ చూసి, తెలుగులో పిలవండి. కంపెనీ పెడతావా అని కాదు, "మీ ఇంట్లో మిమ్మల్ని విసిగిస్తున్న వస్తువు పట్టుకురండి" అనండి. ఎంతమంది వస్తారో చూడండి.

అయితే ఎవరో పిలిచేదాకా మనం కూర్చోనక్కర్లేదు. తెలుసుకోవాల్సినవి కొన్నే.

ఒకటి, ఒక నోటుబుక్కు. తేదీ వేసి, సమస్య ఏమిటి, ఏం ప్రయత్నించాను, ఎందుకు పనిచేయలేదు అని రాయడం. పాలవాడి లెక్క రాసేవాళ్ళకి ఇది కష్టం కాదు.

రెండు, ముందు వెతకడం. మన పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్లో, గూగుల్ పేటెంట్స్‌లో ఉచితంగా చూడొచ్చు. మీ ఐడియా అక్కడ ఉంటే నిరాశపడకండి. వాళ్ళ జవాబులో మీ వంటింటికి ఏది నప్పలేదో చూడండి, అక్కడ్నుంచి మీ పని మొదలు.

మూడు, అప్లికేషన్ వేసేదాకా నోరు కట్టుకోవడం. ముందే యూట్యూబ్‌లో పెడితే అది లోకానికి తెలిసిపోయినట్టే, "కొత్తది" కాదని చెప్పి పేటెంట్ నిరాకరించొచ్చు. ముందు అప్లికేషన్, తర్వాత వీడియో.

నాలుగు, ఖర్చు. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో మొదటి అప్లికేషన్ ఫీజు 1,600 రూపాయలు. పూర్తి వివరం సిద్ధంగా లేకపోతే తాత్కాలిక వివరణతో వేసి, పూర్తిది 12 నెలల్లో ఇవ్వొచ్చు. పరీక్షకీ తర్వాతి దశలకీ ఫీజులు వేరే ఉంటాయి, వకీలు కావాలంటే ఆ ఖర్చు వేరే. కానీ మొదటి అడుగు ఖరీదు మాత్రం ఒక మామూలు కాటన్ చీర ఖరీదే. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం దరఖాస్తుదారుల్లో స్త్రీ ఉంటే త్వరగా పరీక్షించమని అడిగే అవకాశం కూడా ఉంది. ఈ వెసులుబాటు ఉందని మన మగవాళ్ళకీ తెలియజేయండి. భార్య పేరు ప్లాట్ రిజిస్ట్రేషన్‌కే కాదు, ఇక్కడా పనికొస్తుంది!

ఐదు, ఇది మన ఐటీ కుటుంబాలకి ప్రత్యేకం. చాలా కంపెనీల ఉద్యోగ ఒప్పందాల్లో ఉద్యోగి చేసిన ఆవిష్కరణ కంపెనీకి చెందుతుందనే షరతు ఉంటుంది. మీ డిజైన్‌ని మీ ఆయన ఆఫీసు లాప్‌టాప్‌లో గీయించకండి. ఇల్లాలి ఆలోచన మీద ఏ కంపెనీకీ హక్కు లేదు. జీతం లేకపోవడం వల్ల మనకొచ్చిన లాభం బహుశా ఇదొక్కటే, దాన్నీ పోగొట్టుకోవద్దు.

ఇవన్నీ చేసినా చాలాసార్లు ఏమీ రాదు. వస్తువు పనిచేయదు, పనిచేసినా ఎవరూ కొనరు. అసలు నేను అడుగుతున్నది అదే. ఓడిపోయే హక్కు కావాలి. కొడుకు స్టార్టప్ పెట్టి రెండేళ్ళకి మూసేస్తే "అనుభవం వచ్చింది" అంటాం. కోడలు ఆరువేలు పెట్టి చేసిన వస్తువు పనిచేయకపోతే "దండగ ఖర్చు" అని పదేళ్ళు దెప్పుతాం. ఈ రెండు తూనికలు ఉన్నంతకాలం మన ఇళ్ళలో చిట్కాలు తప్ప ఇంకేమీ పుట్టవు.

కాబట్టి ఇంట్లో అడగండి. బతిమాలక్కర్లేదు, గొడవపడక్కర్లేదు. వారానికి ఒక పూట, నెలకి వెయ్యి రూపాయలు, తాళం వేసుకునే ఒక అర. ఆ పూట పాలు పొంగుతున్నా సరే, ఇంకెవరైనా కనిపెట్టుకుని ఉంటారు.